డెక్కర్ అనే డచ్ ఇంటిపేరుకి అర్థం ఏంటి? ఓడ డెక్కుతో సంబంధం ఉందా?

పెన్నా_ఒడ్డు (విడవలూరు, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను రొయ్యల చెరువుల్లో నీటిని పరీక్షించే మిషన్లు అమ్మే చోట పని చేస్తున్నా. ఆ మిషన్లు నెదర్లాండ్స్‌లో తయారవుతాయి, అందుకని అక్కడి ఇంజినీరు ఒకాయనతో వారానికి రెండుసార్లు వీడియో కాల్ ఉంటుంది. ఆయన ఇంటిపేరు డెక్కర్.

మా వాళ్లు చాలామందికి ఆ పేరు వినగానే డబుల్ డెక్కర్ బస్సే గుర్తొచ్చింది. ఇంకొకతను, హాలండ్ వాళ్లంటే ఓడలవాళ్లే కదా, ఓడ డెక్కు మీద పని చేసినవాళ్ల వంశం అయ్యుంటుంది అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. మొన్న కాల్ అయిపోయే ముందు ఉండబట్టలేక ఆయన్నే అడిగేశా. "కాదు, ఇళ్లకి కప్పు వేసేవాళ్లు, పాతకాలంలో గడ్డితో" అని ఒక్క ముక్కలో చెప్పి మళ్లీ ఆక్సిజన్ మీటర్ సంగతిలోకి వెళ్లిపోయాడు.

ఆ మాటకి నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. ఎందుకంటే మా తాత చేసింది అదే పని. తాటాకిళ్లు కప్పేవాడు. మా ఊరి నుంచి రామతీర్థం దాకా ఎవరింటికి ఆకు మార్చాలన్నా ఎండాకాలం రాగానే మా తాత కోసం కబురొచ్చేది. ఆయన పోయి పదకొండేళ్లయింది. మా ఇంటిపేరేమో ఒక ఊరి పేరు, ఆ ఊరు ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మేమెవరం ఎప్పుడూ పోయింది లేదు. తాత బతుకంతా చేసిన పని మా పేరులో ఎక్కడా లేదు, ఎవరో ఏడువేల కిలోమీటర్ల అవతల మనిషి పేరులో ఉంది.

అందుకే అడుగుతున్నా. నిజంగా ఆ పేరుకి అర్థం అదేనా, లేక ఆయన కూడా ఎవరో చెప్పింది విని చెప్పాడా? అట్టాంటి పేర్లు అక్కడ ఎప్పటినుంచి ఉన్నాయి? డెక్కర్ అని పేరున్న వాళ్లంతా ఇప్పటికీ ఆ పని చేసేవాళ్లేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

కావలి_నుంచి

అన్నా, మాది కావలి. తొమ్మిదేళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాం. పిల్లల బడివాళ్లతో మాట్లాడాలని డచ్ నేర్చుకున్నా, నేర్చుకునే కొద్దీ ఈ పేర్ల పిచ్చి పట్టుకుంది నాకు. మీ ఇంజినీరు చెప్పింది అక్షరాలా నిజం.

డచ్‌లో ఇంటి కప్పుని డాక్ అంటారు. కప్పడాన్ని డెక్కెన్ అంటారు. కప్పేవాడు డెక్కర్. ఇప్పుడు మన మాట చూడండి. ఇంటిపైన ఉండేది కప్పు, చేసే పని కప్పడం, చేసేవాడు కప్పేవాడు. ఇంగ్లీషులో అయితే రూఫ్ వేరు, కవర్ వేరు, ఆ రెండు మాటలకీ చుట్టరికం కనపడదు. తెలుగులోనూ డచ్‌లోనూ మాత్రం పైకప్పుకీ కప్పడానికీ మూలం ఒకటే. ఇంకా ఉంది. చలికాలం రాత్రి మనం పిల్లాడితో దుప్పటి కప్పుకో అంటాం కదా, ఇక్కడ దుప్పటి పేరే డేకెన్, అదీ ఆ డెక్కెన్ నుంచే. గిన్నె మీద పెట్టే మూత డెక్సెల్. అన్నం తినేముందు బల్ల మీద గుడ్డ పరిచి ప్లేట్లు సర్దడాన్ని కూడా బల్లని డెక్కెన్ చేయడం అనే అంటారు. భాష నేర్చుకునేటప్పుడు ఈ మాట నాకు టీచర్ చెప్పకముందే అర్థమైపోయింది, మన కప్పు తెలిసి ఉండటం వల్లే.

ఇక ఓడ డెక్కు సంగతి. మీ స్నేహితుడు పూర్తిగా తప్పు చెప్పలేదు. ఓడ కడుపులో సరుకు ఉంటుంది, దానిమీద చెక్కలతో మూత వేస్తారు, ఆ మూతే డెక్. ఇంగ్లీషువాళ్లు 15వ శతాబ్దంలో ఈ మాటని డచ్ వాళ్ల దగ్గరే తీసుకున్నారు, తర్వాత అది బస్సుల దాకా వచ్చింది. అంటే ఓడ డెక్కూ, డబుల్ డెక్కరూ, మీ ఇంజినీరు ఇంటిపేరూ ఒక తల్లి పిల్లలే. కానీ ఇంటిపేరు ఓడ నుంచి రాలేదు, ఇంటికప్పు నుంచి వచ్చింది.

ఇంగ్లీషులో థాచర్ అనే ఇంటిపేరు ఉంది కదా, బ్రిటన్ ప్రధానిగా చేసిన మార్గరెట్ థాచర్ పేరు (ఆమెకి భర్త వైపు నుంచి వచ్చింది), అదీ డెక్కరూ ఒకటే మాట. డచ్‌లో డ ఉన్నచోట ఇంగ్లీషులో థ ఉండటం చాలా మాటల్లో కనిపిస్తుంది. డచ్‌లో మూడు అంటే డ్రీ, ఇంగ్లీషులో థ్రీ. దాహం డోర్స్ట్, అటు థర్స్ట్. ముల్లు డోర్న్, అటు థార్న్. అట్లాగే డాక్, థాచ్. జర్మన్‌లో డాఖ్, డెక్కర్. సంస్కృతంలో స్థగ్ అనే ధాతువుకి కప్పడం అని అర్థం, భాషాశాస్త్రజ్ఞులు దాన్నీ ఈ కుదురుకే చేరుస్తారు. స్థగితం (నిలిచిపోవడం) అనే మాట ఆ ధాతువు నుంచి వచ్చిందే.

ఇక్కడ కప్పు వేసే వస్తువుని బట్టి కూడా పనివాళ్లకి పేర్లున్నాయి. చెరువుల్లో పెరిగే పొడుగు గడ్డితో కప్పితే రీట్‌డెక్కర్. మన కిక్కిస గడ్డి జాతే అది. గోధుమ గడ్డితో కప్పితే స్ట్రోడెక్కర్. పలకరాయితో కప్పితే లైడెక్కర్. ఈ లైడెక్కర్ కూడా ఇంటిపేరుగా స్థిరపడింది, బైబిల్‌ని చాలావరకు మలయ్ భాషలోకి అనువదించిన 17వ శతాబ్దపు పాదిరి పేరు మెల్కియోర్ లైడెక్కర్.

డెక్కర్ అనే పేరు ఇక్కడ చాలా ఎక్కువ, మొదటి పాతిక ఇంటిపేర్లలో ఉంటుంది. డెక్కర్స్ అని చివర్న స్ చేరితే డెక్కర్ గారి పిల్లలు అని, దక్షిణం వైపు అట్టాంటివి ఎక్కువ. బెల్జియంలో డచ్ మాట్లాడేవాళ్లలో డె డెక్కర్ అని ముందు డె చేరుతుంది.

---

బిట్రగుంట_జంక్షన్

నేను ఒక వీడియోలో చూశా. అసలు హాలండ్ వాళ్లకి ఇంటిపేర్లే ఉండేవి కాదంట, నెపోలియన్ వచ్చి 1811లో అందరూ పేర్లు రాయించుకోవాల్సిందే అని ఆర్డర్ వేశాడంట. జనం కోపంతో, ఎట్టాగూ ఫ్రెంచివాళ్లు పోతారులే అని నోటికొచ్చిన పేర్లు రాయించారంట, "బట్టల్లేకుండా పుట్టినవాడు" అని కూడా ఒక ఇంటిపేరు ఉందంట. అంటే ఈ డెక్కర్ కూడా రెండొందల ఏళ్ల పేరే కదా? అప్పుడు గుమస్తా ముందు ఏ పని చేస్తుంటే ఆ పని పేరు రాసేసి ఉంటాడు.

---

కావలి_నుంచి

తమ్ముడూ, ఆ కథ ఇక్కడివాళ్లే ఇష్టంగా చెప్పుకుంటారు, నాకు మొదట చెప్పింది మా పక్కింటి ముసలాయనే. అందులో సగమే నిజం.

1810లో నెపోలియన్ ఈ దేశాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు. 1811 ఆగస్టు 18న, ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి రాయించుకోవాలని ఆర్డర్ ఇచ్చిన మాట వాస్తవం. కానీ చూడండి, లేనివాళ్లు. అప్పటికే చాలామందికి ఉన్నాయి. లేనిది ముఖ్యంగా ఉత్తరం వైపు పల్లెల్లో, అక్కడ తండ్రి పేరునే తగిలించుకునేవాళ్లు, తరం మారితే ఆ పేరూ మారిపోయేది. పట్నాల్లో, దక్షిణాన, పేర్లు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే స్థిరపడ్డాయి.

ఇక ఆ "బట్టల్లేకుండా" పేరు. నాక్ట్‌ఖెబోరెన్ అంటే మాట ప్రకారం నగ్నంగా పుట్టినవాడనే అర్థం వస్తుంది. కానీ అది జర్మన్ మాట నాఖ్‌గెబోరెన్ నుంచి అరిగి వచ్చిందని పేర్ల మీద పని చేసినవాళ్లు చెప్తారు. దానర్థం తరవాత పుట్టినవాడు, అంటే తండ్రి చనిపోయాక పుట్టిన బిడ్డ. నవ్వుకోవడానికి ఏమీ లేదు అందులో, నాకైతే ఆ పేరు వింటే గుండె బరువెక్కుతుంది.

డెక్కర్ లాంటివి ఎట్లా వచ్చాయంటే, పట్నంలో యాన్ అనే పేరుతో ఇరవైమంది ఉంటారు. ఏ యాన్? కప్పులేసే యాన్, రొట్టెలు కాల్చే యాన్, చేపలు పట్టే యాన్. మన ఊళ్లలో ఇద్దరు సుబ్బయ్యలుంటే పాల సుబ్బయ్య, సైకిలు సుబ్బయ్య అంటాం చూడండి, అచ్చం అట్లాగే. మొదట్లో ఆ మాట ఆ మనిషికే. కొడుకు పని మారితే మాటా మారేది. తర్వాత్తర్వాత పన్నుల పుస్తకాల్లోకి, చర్చి పుస్తకాల్లోకి, ఆస్తి కాగితాల్లోకి ఎక్కేసరికి పని పోయినా పేరు నిలిచిపోయింది.

మీరడిగారు కదా అన్నా, ఆ పేరున్నవాళ్లు ఇంకా ఆ పని చేస్తారా అని. ఒకే ఒక్క మనిషి సంగతి చెప్తా. ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్ అని ఈ దేశానికి గొప్ప రచయిత, 1820లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. జావాలో డచ్ ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, అక్కడి రైతుల్ని ఎట్లా పీల్చి పిప్పి చేస్తున్నారో కళ్లారా చూసి, ఉద్యోగం వదిలేసి, 1860లో అదంతా పుస్తకంగా రాశాడు. ముల్తాతులి అని కలం పేరు పెట్టుకున్నాడు, లాటిన్‌లో చాలా భరించాను అని అర్థం. ఆయన పేరులో డౌవెస్ అంటే డౌవె కొడుకు అని, తండ్రి పేరు పద్ధతి. డెక్కర్ అంటే కప్పేవాడు, వృత్తి పేరు. రెండు పద్ధతులూ ఒక్క పేరులో ఉన్నాయి. మరి వాళ్ల నాన్న ఏం చేసేవాడంటే, ఓడ కెప్టెన్. ఇంటికప్పు మీద నుంచి వచ్చిన పేరుతో ఓడ డెక్కు మీద నిలబడ్డాడు ఆయన.

అసలు గడ్డి కప్పు పట్నాల్లోంచి ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. నిప్పు. ఆమ్‌స్టర్‌డామ్ 1421లో ఒకసారి, 1452లో ఇంకోసారి తగలబడింది, రెండోసారి ఊరిలో చాలా భాగం బూడిదే. ఆ తర్వాత కట్టెగోడలు, గడ్డికప్పులు వద్దని, ఇటుక, పెంకు వేసుకోమని కట్టడి చేశారు. అంటే పట్నంలో ఉండే డెక్కర్ గడ్డి వదిలి పెంకు పట్టాడు, పని మారింది, పేరు మాత్రం అదే.

---

కొత్తపట్నం_మాస్టారు (ప్రకాశం జిల్లా)

అమ్మాయి కావలి నుంచి చెప్పిన నిప్పు మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాకు 68 ఏళ్లు. మేము పుట్టి పెరిగింది తాటాకింట్లో. ఎండాకాలం మధ్యాహ్నం ఊళ్లో ఎవరైనా గట్టిగా అరిస్తే ముందు అందరం చూసేది ఆకాశం వైపు, పొగ ఉందా అని. గాలి తోలే రోజుల్లో ఒక ఇల్లు అంటుకుంటే వరసంతా పోయేది. అటువంటి రోజుల్లో పొయ్యి పొద్దున్నే వెలిగించి తొమ్మిదిలోపల ఆర్పేయాలని ఊరి కట్టుబాటు ఉండేది. 1977 ఉప్పెన ఏడాది గాలికి మా కప్పు లేచిపోయి చెరువులో పడింది, గోడలు మిగిలాయి.

పెన్నా ఒడ్డు అబ్బాయికి: నాయనా, మీ తాతగారి పని గురించి నీకు తెలిసింది ఎంతో నాకు తెలియదు, నాకు తెలిసింది రాస్తాను. మా వైపు ఆ పనికి వచ్చే పెద్దాయన్ని ఊరంతా మామా అని పిలిచేవాళ్లం.

ఆకు కొట్టడం ఒక పని, కప్పడం ఒక పని. చెట్టునుంచి దించిన పచ్చాకుని అట్లాగే వేస్తే ముడుచుకుపోతుంది. ఒకదానిమీద ఒకటి పరిచి, పైన రాళ్లో దుంగలో బరువు పెట్టి, చదునుగా ఆరనివ్వాలి. ఈలోపల పాత ఆకు పీకాలి. అది చాలా దుమ్ము పని, పైగా అందులో తేళ్లు, జెర్రులు, ఒక్కోసారి పాములు. పాత ఆకు తీశాక ఇంటి ఎముకలు బయటపడేవి. మధ్యలో నిట్టాడు అనే గుంజ, దానిమీద దూలం, దూలం నుంచి కిందికి వాసాలు, వాసాల మీద అడ్డంగా వెదురు బద్దలు. పుచ్చిపోయిన బద్ద మార్చి, అప్పుడు చూరు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లేవాడు మామ. కిందినుంచి పైకి, ఎప్పుడూ కిందినుంచి పైకే, ఎందుకంటే పై వరస కింది వరస మీదికి రావాలి, అప్పుడే వాన జారుతుంది. చివరికి కొప్పు, అంటే పైన రెండు వాలులూ కలిసే చోటు. కొప్పు సరిగా కట్టకపోతే మిగతా ఇల్లంతా ఎంత బాగా కప్పినా దండగే, మొదటి వానకే నిట్టాడు వెంట నీళ్లు దిగుతాయి.

నాకు బాగా గుర్తున్న పని ఒకటి చెప్తాను. గొడ్ల చావిడికి తాటాకు వేసేవాళ్లు కాదు, బోదగడ్డి వేసేవాళ్లు. గడ్డిని కట్టకూడదు, కుట్టాలి. మామ కప్పు మీద కూర్చుని పొడుగు సూది లోపలికి గుచ్చేవాడు. లోపల నిచ్చెన మీద నేను. సూది మొన నా ముఖానికి జానెడు దూరంలో బయటికి వచ్చేది. నేను దాని కన్నులోంచి తాడు తీసి, వాసం చుట్టూ తిప్పి, మళ్లీ సూదికి ఎక్కించి, "ఆఁ" అనాలి. ఆయన లాగేవాడు. ఏళ్ల తరబడి పట్టిన పొగమసి ఒక్కో కుట్టుకీ కళ్లలో రాలేది. కళ్లు మూసుకుని "ఆఁ" అన్నావంటే ఆయనకి గొంతుని బట్టే తెలిసిపోయేది, "కళ్లు తెరిచి చూడ్రా, తాడు వాసం దాటలేదు" అని పైనుంచి అరిచేవాడు. ఎట్లా తెలిసేదో నాకు ఈరోజుకీ అర్థం కాదు.

మనకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి వైశాఖం, జ్యేష్ఠంలో కప్పి పెట్టుకుంటే వానకాలానికి ఆకు కుదురుకునేది. రెండేళ్లు, బాగుంటే మూడేళ్లు. తర్వాత మళ్లీ మామకి కబురు.

ఇంటిపేర్ల సంగతి కూడా ఒక ముక్క. మనకి వృత్తి పేర్లు లేకపోలేదు. కరణం ఉంది, తలారి ఉంది, ఇవి ఊరి ఉద్యోగం నుంచి వచ్చినవి. కాని ఎక్కువ ఇంటిపేర్లు ఊళ్లవే. మనవాళ్లు వలస వెళ్లిన చోట నువ్వెవరివి అనేకంటే ఎక్కడివాడివి అని ముందు అడిగారు, ఆ జవాబే ఇంటిపేరయింది. పైగా మన దగ్గర చాలా వృత్తులు కులంతో ముడిపడ్డాయి, కులం పేరు వేరేగా ఉండనే ఉంది. ఇళ్లు కప్పడం అట్లా ఒక కులానికి కట్టుబడిన పని కాదు, మా ఊళ్లో రెండు మూడు కులాలవాళ్లు చేసేవాళ్లు, అందుకే ఆ పనికి ఏ పేరూ మిగల్లేదని నేను అనుకుంటాను.

---

పడుగు_పేక (చీరాల)

మాస్టారూ, చదువుతుంటే మా అమ్మమ్మ ఇల్లు కళ్లముందుకొచ్చింది.

మాది మగ్గాల ఇల్లు కాబట్టి మా పనికి డచ్‌లో పేరుందేమోనని వెతికా. ఉంది, వేవర్ అంటే నేతగాడు, డె వేవర్ అనీ రాస్తారు. రంగులద్దేవాడు వెర్వర్. బట్టని తెల్లగా చలవ చేసేవాడు బ్లేకర్. చేపలు పట్టేవాడు విస్సర్, పీపాలు చేసేవాడు కైపర్, రొట్టెలవాడు బక్కర్. 2007 లెక్కలో బక్కర్ ఇంటిపేరువాళ్లు 55 వేలమందికి పైనే ఉన్నారు.

ఇంకో సంగతి, ఈ డచ్చివాళ్లు మనకి కొత్తవాళ్లు కాదు. మా పక్కనే నిజాంపట్నంలో 1606లో వాళ్ల కంపెనీ కొట్టు పెట్టింది. పేటపోలి అని రాసుకునేవాళ్లు ఆ ఊరిని. చిరివేరుతో అద్దిన ఎర్రరంగు బట్ట కోసం వచ్చారు. నెల్లూరు వైపు ప్రళయకావేరి సరస్సు దక్షిణం చివర పులికాట్ ఉంది కదా, అక్కడ 1613లో గెల్డ్రియా అని కోట కట్టారు, అక్కడి డచ్చి సమాధుల తోట గేటుకి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఇప్పటికీ ఉన్నాయి. బందరులో వలందపాలెం అనే పేటకి ఆ పేరు వీళ్లవల్లే, హాలండు మన నోట్లో వలందా అయింది. మన నేతగాళ్లు నేసిన బట్ట కొని తీసుకెళ్లినవాళ్లలో వేవర్ అనే ఇంటిపేరువాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో, వాళ్ల తాతలు కూడా ఎప్పుడో మగ్గం ముందు కూర్చున్నవాళ్లే కదా అనిపించింది నాకు.

---

కావలి_నుంచి

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివా. పోయినేడు ఖీట్‌హోర్న్ అనే ఊరికి వెళ్లాం, కాలవల మధ్య గడ్డికప్పుల ఇళ్లకి పేరున్న ఊరు. అక్కడ ఒక ఇంటికి కప్పు వేస్తుంటే అరగంట నిలబడి చూశా. వాళ్లూ చూరు నుంచే మొదలు, కిందినుంచి పైకి. కట్టలు విప్పి పరిచి, అడ్డంగా సన్నటి కడ్డీ పెట్టి, దాన్ని తీగతో కింది బద్దలకి బిగిస్తున్నారు, పై వరస వచ్చి ఆ కడ్డీని కప్పేస్తుంది. తర్వాత గాడులున్న ఒక చెక్కతో గడ్డి మొదళ్లని కిందినుంచి పైకి తడుతూ సమం చేస్తారు, ఆ చప్పుడు కాలవ మీద చాలా దూరం వినిపిస్తుంది. మందం దాదాపు అడుగు ఉంటుంది. ఏటవాలు బాగా ఎక్కువ, నీళ్లు నిలవవు, అందుకే ముప్పై నలభై ఏళ్లు ఉంటుందని చెప్పారు. గడ్డి చలికాలంలో కోస్తారు, ఆకులు రాలిపోయి కాడ మాత్రమే మిగిలినప్పుడు.

తేడా ఏంటంటే ఇప్పుడు ఇక్కడ గడ్డికప్పు ఉన్న ఇల్లంటే డబ్బున్నవాళ్ల ఇల్లు. ఇన్సూరెన్స్ ఎక్కువ కట్టాలి, పనివాడి కూలి ఎక్కువ, అయినా ముచ్చటపడి వేయించుకుంటారు. ఆ పని నేర్పేందుకు శిక్షణ కూడా ఉంది. మన దగ్గర తాటాకిల్లు అంటే లేనివాళ్ల ఇల్లు, స్లాబు వేయగానే ముందు మర్చిపోవాలనుకునేది దాన్నే. మీ మామ చేతిలో ఉన్న విద్య తక్కువేం కాదు, మూడేళ్లకోసారి ఊరంతటినీ వానలో తడవకుండా చూసిన విద్య అది. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదంతే.

---

పెన్నా_ఒడ్డు

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నా, కారణం ఉంది.

మాస్టారు రాసింది రాత్రి మా అమ్మకి చదివి వినిపించా. సూది దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. "మీ తాత సూది పారేయలేదురా, చావిట్లో ఉంటుంది చూడు" అంది. మా గొడ్ల చావిడికి ఇప్పుడు రేకులు, కానీ పాత దూలం అదే. టార్చి వేసుకుని పోయి చూస్తే దూలానికీ గోడకీ మధ్య సందులో, గోనెగుడ్డలో చుట్టి ఉంది. ఇనపది. మూరెడు పైనే ఉంటుంది. తుప్పు పట్టింది గానీ చేత్తో పట్టుకునే చోట నున్నగా ఉంది, అక్కడ తుప్పు తక్కువ. కన్నులో ఇంకా తాడు పీచు ఉంది, లాగితే పొడైపోతుందేమోనని అట్లాగే ఉంచా.

మా అమ్మ ఇంకో సంగతి చెప్పింది. పెళ్లయి వచ్చిన కొత్తల్లో మా తాతకి లోపల నిచ్చెన మీద ఉండి తాడు అందించింది తనేనంట. మా నాన్న ఎప్పుడూ ఆ పనికి రాలేదంట, మసి కళ్లలో పడితే తట్టుకోలేడని. నాకు ముప్పై నాలుగేళ్లు, ఈ మాట ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ అనలేదు.

నిన్న కాల్‌లో డెక్కర్ గారికి సూది చూపించా. కప్పు, కప్పడం, కప్పేవాడు అని మూడు మాటలూ చెప్పి డాక్, డెక్కెన్, డెక్కర్ పక్కన పెట్టి చెప్పా. ఆయన తెలుగు మాటల్ని పలకడానికి ప్రయత్నించాడు, ప్ప దగ్గర ఆగిపోయాడు, మళ్లీ అన్నాడు. వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ కప్పు పని చేయలేదంట, అంతకు ముందు సంగతి తెలియదంట. సూది కెమెరాకి దగ్గరగా పెట్టమని, తిప్పి చూపించమని అడిగాడు. ఆక్సిజన్ మీటర్ సంగతి ఆరోజు మాట్లాడలేదు.

మాస్టారూ, ఒక్కటి అడుగుతా. ఆ సూదికి మీ వైపు ప్రత్యేకంగా పేరేమన్నా ఉండేదా? మా అమ్మ ఇంటిసూది అంటోంది, కుట్టుసూదికి ఇది వేరు అని చెప్పడానికి. మీ మామ ఏమని పిలిచేవాడో గుర్తుంటే రాయండి.

---

కొత్తపట్నం_మాస్టారు

మామ దానికి పేరు పెట్టి పిలవడం నేను వినలేదు నాయనా. పైనుంచి చెయ్యి చాపి "ఇటియ్యి" అనేవాడు, అంతే. ఇంటిసూది మంచి మాట. మీ అమ్మగారిని నేను అడిగానని చెప్పు. ఆమె లోపలినుంచి తాడు అందించిన కప్పులు ఎన్నో, ఎవరెవరి ఇళ్లవో గుర్తున్నంతవరకు చెప్పమని అడిగి ఒక కాగితం మీద రాసుకో, ఈ ఆదివారమే.